పాత సెడాన్‌కు కొత్త స్పీకర్లు: తలుపు విప్పితే గానీ తెలియని సంగతులు

పుష్కరం దాటిన పెట్రోలు సెడాన్ మాది. ఇంజను ఇప్పటికీ ఒక్క తిప్పుకే అందుకుంటుంది, ఏసీ చల్లగా పనిచేస్తుంది, కాబట్టి కారు మార్చాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ లేదు. కంపెనీ బిగించి పంపిన స్పీకర్లు మాత్రం ఎప్పుడో నీరసించిపోయాయి. మృదంగం తొప్పి మీద దెబ్బ పడిన ప్రతిసారీ కుడి తలుపు గరగరమనేది. ఎడమ తలుపులోని స్పీకరుకు గరగరమనే ఓపిక కూడా లేక, పాడేవారెవరైనా సరే ముక్కుతో పాడుతున్నట్టు వినిపించేది. అందుకని మా విశాఖపట్నంలోని ఒక కార్ ఆడియో దుకాణంలో ముందు తలుపుల స్పీకర్లు మార్పించి, తలుపుల లోపల కంపనాన్ని అణిచే డాంపింగ్ షీట్ వేయించి, కొంతకాలం విన్న తర్వాత స్టీరియో ధ్వనికి బలం పెంచే ఒక చిన్న యాంప్లిఫయర్ కూడా పెట్టించాను. ఈ మూడు పనుల మీదే ఈ సమీక్ష. తీర్పు ముందే చెబుతాను: డబ్బులో పెద్ద వాటా స్పీకర్లూ యాంప్లిఫయరూ తీసుకున్నాయి గానీ, చెవికి తెలిసిన మార్పులో పెద్ద వాటా తలుపులకు చేసిన పని వల్లనే వచ్చింది.

కొన్న స్పీకర్ల కంపెనీ పేరును కావాలనే పక్కన పెట్టాను. ఆ ధరలో దొరికే నాలుగైదు పేరున్న కంపెనీల సెట్ల మధ్య ఉన్న తేడా కంటే, ఒకే సెట్‌ను బాగా బిగించడానికీ ఏదో బిగించామనిపించడానికీ మధ్య ఉన్న తేడా చాలా ఎక్కువ. పాత కారు విషయంలో, అందులోనూ సముద్రం ఒడ్డున ఉండే ఊళ్ళో, ఈ మాట మరింత నిజం.

కారు తలుపు లోపలి భాగం తడవడం అనేది లోపం కాదు, దాని నిర్మాణమే అంత. వాన నీరు అద్దం మీదుగా జారి, అద్దం అంచునున్న రబ్బరు బీడింగ్ దాటి తలుపు లోపలికి దిగి, అడుగునున్న రంధ్రాల గుండా బయటికి పోతుంది. ఆ తడి మన వైపు కనిపించే తలుపు మూతకు, అంటే ట్రిమ్ ప్యాడ్‌కు తగలకుండా మధ్యలో ఒక ప్లాస్టిక్ కాగితం అతికించి ఉంటుంది. స్పీకరు మాత్రం ఆ తడి గదిలోకి వీపు పెట్టి కూర్చుంటుంది. దీనికి విశాఖ ఉప్పుగాలి తోడైతే ఏమవుతుందో మా కారు ట్రిమ్ ప్యాడ్ ఊడదీయగానే కళ్ళకు కట్టింది: ధ్వని పుట్టించడానికి కదిలే కోను చుట్టూ ఉండే ఫోమ్ అంచు వేలు తగిలితే పొడిగా రాలింది, తీగలు అతికే రాగి కొసల మీద పచ్చని చిలుము పట్టింది, వెనకనున్న ఇనుప పలక తుప్పుతో పొరలు లేచింది. ఎప్పుడో పవర్ విండో మరమ్మతు చేసిన మెకానిక్ ప్లాస్టిక్ కాగితాన్ని సగానికి చింపి, మళ్ళీ అతికించకుండానే ప్యాడ్ మూసేశాడని కూడా అప్పుడే బయటపడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊపేసిన రోజున ఈ కారు ఆరుబయటే ఉంది. ఆ తర్వాత ఎన్ని వానాకాలాలు గడిచాయో లెక్క వేసుకుంటే, ఆ స్పీకర్లు ఇన్నాళ్ళు మోగడమే విశేషం. కోను కాగితంతో చేసినదని వాటిని తక్కువ చేయలేను. చాలా ఖరీదైన స్పీకర్లలోనూ కాగితపు కోన్లు ఉంటాయి. ఇక్కడ చెడగొట్టింది తడి ఆరని ఫోమూ, కోనును పట్టి ఉంచే పలచని ప్లాస్టిక్ బుట్టా.

అందువల్ల మన ఊళ్ళో స్పీకరు ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది కోను అంచు. అది ఫోమ్ కాకుండా రబ్బరు అయి ఉండాలి. కోను పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ది అయితే తేమకు బెదరదు. పూత వేసిన కాగితమైనా ఫరవాలేదు. ఆ తర్వాతే వాట్ల లెక్కలు.

వాట్ల దగ్గర దుకాణంలో వినిపించే మాటలను సగానికి సగం తగ్గించి వినాలి. స్టీరియో ముఖం మీద రాసి ఉండే "50 వాట్లు × 4" అన్న సంఖ్య ఎక్కడిదో చూడండి. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో అందే వోల్టేజీ సుమారు 14.4. ఆ వోల్టేజీని వర్గం చేసి స్పీకరు ఇంపెడెన్స్ (విద్యుత్తుకు అది చూపే నిరోధం) అయిన 4 ఓమ్స్‌తో భాగిస్తే 52 వాట్లకు కాస్త తక్కువ వస్తుంది. అంటే సంగీత తరంగం పైనా కిందా తెగిపోయి, పూర్తిగా చతురస్రాకారంలోకి మారినప్పుడు మాత్రమే అందే శక్తి అది. వినడానికి అదొక రొద. తెగని శుద్ధ తరంగానికి అదే వోల్టేజీ వద్ద గరిష్ఠంగా 26 వాట్లు వస్తాయి, అందులో సర్క్యూట్ నష్టాలు పోగా చెవికి ఇంపుగా మిగిలేది 20 వాట్లకు అటూఇటూ మాత్రమే. కనుక యాంప్లిఫయర్ లేకుండా స్టీరియోతోనే నడపదలచినవారికి స్పీకరు పెట్టె మీద రాసిన 250 వాట్లూ 300 వాట్లూ ఏ విధంగానూ పనికిరావు. అక్కడ పనికొచ్చేది సెన్సిటివిటీ ఒక్కటే. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందో చెప్పే సంఖ్య అది. మూడు డెసిబెల్స్ పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి కాబట్టి, 92 డెసిబెల్స్ ఉన్న స్పీకరు ఒక్క వాటుతో చేసే పనిని 86 డెసిబెల్స్ ఉన్నది నాలుగు వాట్లతో చేస్తుంది. ఇందులోనూ చిన్న మెలిక ఉంది: కొన్ని కంపెనీలు ఒక వాటు బదులు 2.83 వోల్టుల దగ్గర కొలిచి రాస్తాయి. 4 ఓమ్స్ స్పీకరుకు అది రెండు వాట్లతో సమానం, కాబట్టి సంఖ్య మూడు డెసిబెల్స్ ఎక్కువగా కనిపిస్తుంది. పెట్టె మీది చిన్న అక్షరాలు చదివి పోల్చుకోవాలి.

దుకాణంలో గోడకు చెక్క బోర్డు మీద వరుసగా బిగించి, మీట నొక్కి ఒక్కొక్కటే వినిపించే ఏర్పాటు మీద నాకు నమ్మకం లేదు. అక్కడ చెవికి రెండడుగుల దూరంలో, ఎదురుగా, గదిలో మోగుతుంది. కారులో మోకాలి పక్కన, ఇనుప డబ్బాలాంటి తలుపులో మోగుతుంది. పైగా బోర్డు మీద సెన్సిటివిటీ ఎక్కువున్నది కాస్త గట్టిగా వినిపించి, అదే మంచిదనిపిస్తుంది. మన చెవి గట్టిదనాన్ని నాణ్యతగా పొరబడుతుందన్న సంగతి అమ్మేవారికి మనకంటే బాగా తెలుసు.

స్పీకర్లలో రెండు రకాలైన కోయాక్సియల్‌కూ కాంపొనెంట్‌కూ మధ్య నేను రెండోదాన్ని ఎంచుకున్నాను. కోయాక్సియల్‌లో సన్నని ధ్వనులు పలికే ట్వీటరు, మంద్ర ధ్వనులు పలికే ఊఫరు నడుమనే ఉంటుంది, పాతది తీసి కొత్తది బిగిస్తే సరిపోతుంది, ఖర్చు కూడా తక్కువ. కానీ సెడాన్‌లో ముందు తలుపు స్పీకరు కింద, పిక్క దగ్గర ఉంటుంది. సన్నని ధ్వనులు ఎటు పంపితే అటే సూటిగా పోతాయి. కాళ్ళకూ సీటు గుడ్డకూ తగిలి సగం అక్కడే ఇంకిపోతాయి. కాంపొనెంట్ సెట్‌లో ట్వీటరు విడిగా ఉంటుంది కాబట్టి దాన్ని అద్దం పక్కనున్న త్రికోణపు ప్లాస్టిక్ ముక్క మీద బిగించవచ్చు. అలా బిగించగానే గాయకుడు పాదాల దగ్గర నుంచి లేచి డాష్‌బోర్డు మీదికి వచ్చినట్టనిపిస్తుంది. మొత్తం ఖర్చులో నాకు ఎక్కువ సంతృప్తినిచ్చిన నిర్ణయం ఇదే. ఇంపెడెన్స్ కూడా చూసుకోవాలి. హర్మన్ సంస్థకు చెందిన జేబీఎల్, ఇన్ఫినిటీ శ్రేణుల్లో కొన్ని 3 ఓమ్స్‌వి ఉంటాయి. చాలా స్టీరియోలు వాటిని మోయగలవు గానీ, పాత స్టీరియోను అంతగా శ్రమపెట్టడం ఎందుకని నేను 4 ఓమ్స్‌కే కట్టుబడ్డాను.

ఇక బిగింపు. పని చేసిన కుర్రాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు, మాట తక్కువ, చెయ్యి నేర్పు ఎక్కువ. ఎంతవుతుందని అడిగితే "డోర్ ఇప్పితే గానీ సెప్పలేం సార్, పాత బండి కదా" అన్నాడు. ఆ మాటకే సగం నమ్మకం కుదిరింది. జపనీస్, కొరియన్ కార్లలో కంపెనీ స్పీకరుకు బోల్టు రంధ్రాలు ఒక తీరులో ఉంటే బయట దొరికే ఆరున్నర అంగుళాల స్పీకరుకు మరో తీరులో ఉంటాయి, కాబట్టి మధ్యలో ఒక రింగు కావాలి. చాలా చోట్ల చెక్కపొట్టును నొక్కి చేసిన ఎండీఎఫ్ పలకతో కోసి పెడతారు. చవక, చూడ్డానికి నున్నగా ఉంటుంది, కానీ తడి తగిలితే ఉబ్బి పొరలుపొరలుగా విడిపోతుంది. భీమిలి నుంచి గాజువాక దాకా ఎక్కడ ఉండేవారైనా సరే, ఎండీఎఫ్ రింగు వద్దని గట్టిగా చెప్పాలి. గట్టి ప్లాస్టిక్ రింగు గానీ, అంచులకు వార్నిష్ పట్టించిన మెరైన్ ప్లైవుడ్ గానీ అడగాలి. రింగు మందం వల్ల మరో లాభం కూడా ఉంది: స్పీకరు కాస్త ముందుకు జరిగి, పూర్తిగా దిగిన అద్దానికి వెనకనున్న అయస్కాంతం తగలకుండా ఉంటుంది. బిగించాక ప్యాడ్ మూయకముందే అద్దం మొత్తం దించి చూడమని అడగడం మర్యాదకు లోపమేమీ కాదు.

తీగలు కోయకుండా కప్లర్ పెట్టించాలి. కారు మోడల్‌కు తగ్గ కప్లర్లు కొద్దిపాటి ధరకే దొరుకుతాయి. ఒకవైపు కంపెనీ సాకెట్‌లోకి, మరోవైపు కొత్త స్పీకరుకు. తీగలు కోసి మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టే పద్ధతిలో, ఈ గాలికి ఆ మెలిక కొన్నాళ్ళకే చిలుము పడుతుంది, వేసవి వేడికి టేపు జిగురు కారిపోతుంది. రెండు వైపులా ప్లస్, మైనస్ సరిగా ఉన్నాయో లేదో ఒక పెన్సిల్ బ్యాటరీతో చూడవచ్చు: స్పీకరు ప్లస్‌కు బ్యాటరీ ప్లస్ ఒక్క క్షణం తాకిస్తే కోను బయటికి కదలాలి. ఒకటి తలకిందులైతే ఒక తలుపు గాలిని నెడుతుంటే రెండోది లాగుతుంది. అప్పుడు బేస్ చచ్చిపోతుంది, పాట ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. "ఇంత ఖర్చు పెట్టినా బేస్ లేదండీ" అని వాపోయేవారిలో కొందరి సమస్య ఇంత చిన్నది.

తలుపుల పని దగ్గర కాస్త ఆగాలి. స్పీకరు ముందు ఎంత ధ్వని పుడుతుందో వెనకా అంతే పుడుతుంది, కాకపోతే తలకిందులుగా. ఆ రెండూ కలిస్తే మంద్ర ధ్వనులు ఒకదాన్నొకటి తినేస్తాయి. తలుపు లోపలి రేకుకు అద్దం మోటారు విప్పడానికని వదిలిన పెద్ద పెద్ద రంధ్రాలు ఉంటాయి; వాటికి అడ్డం చిరిగిన ప్లాస్టిక్ కాగితం మాత్రమే ఉన్నప్పుడు ఎంత మంచి స్పీకరు పెట్టినా బేస్ ఆ రంధ్రాల గుండా ఖర్చైపోతుంది. ఈ రంధ్రాలను మూసి, బయటి రేకు కంపించకుండా చేయడమే డాంపింగ్. రెండు మిల్లీమీటర్ల మందం బ్యూటైల్ రబ్బరు, దాని మీద అల్యూమినియం రేకు ఉండే షీట్లు ఇందుకు వాడతారు. తలుపు రేకు వణికినప్పుడు పై అల్యూమినియం పొర కదలనివ్వకపోవడంతో నడిమి రబ్బరు సాగి, ఆ కంపనాన్ని కొద్దిపాటి వేడిగా మార్చేస్తుంది. ఇదే రూపంలో తారుతో చేసిన చవక షీట్లు కూడా అమ్ముతారు. మే నెలలో ఎండలో నిలిపిన కారు తలుపులో అవి మెత్తబడి జారతాయి, కారంతా తారు వాసన పడుతుంది. వేలితో నొక్కి, వాసన చూసి కొనడం ఉత్తమం.

బయటి రేకంతా కప్పాలని దుకాణంవారు పట్టుబట్టారు. అవసరం లేదు. రేకు నడిమి భాగంలో నాలుగో వంతు నుంచి సగం దాకా అతికిస్తే మోత చాలావరకు అణిగిపోతుంది. మిగతాది బిల్లునూ తలుపు బరువునూ పెంచుతుంది. చదరపు మీటరుకు మూడు కిలోల దాకా తూగే ఈ షీట్‌ను పాత కారు కీళ్ళ మీద వేసేటప్పుడు ఆ మాత్రం ఆలోచించాలి. రేకును ముందు శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, రోలరుతో గట్టిగా నొక్కాలి, నొక్కకపోతే గాలి బుడగల్లో తేమ చేరి లోపల తుప్పు మొదలవుతుంది. అడుగునున్న నీటి రంధ్రాలను ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు. మా కారులో ఒక రంధ్రం దుమ్ముతో అప్పటికే పూడిపోయి ఉంటే ఆ కుర్రాడే పుల్లతో పొడిచి తెరిచాడు. అడగకుండా చేసిన ఆ పనికి ఈ దుకాణానికి ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

పని పూర్తయ్యాక మొదట తెలిసిన తేడా పాటలో లేదు, తలుపు వేసిన చప్పుడులో ఉంది. మునుపు రేకు డబ్బా మూసినట్టుండేది ఇప్పుడు గంభీరంగా, పొడిగా మూసుకుంటోంది. కాన్వెంట్ జంక్షన్ నుంచి సింధియా వైపు పోర్టు లారీల మధ్య పోతున్నప్పుడు బయటి రొద స్పష్టంగా తగ్గింది. జాతీయ రహదారి మీద వేగం పెరిగాక వచ్చే టైర్ల హోరు మాత్రం తగ్గలేదు. అది నేల నుంచీ చక్రాల గూళ్ళ నుంచీ వస్తుంది, తలుపులకు చేసిన పని దాన్ని ఆపలేదు. ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు.

సంగీతం విషయానికొస్తే, మానవ కంఠం దగ్గర వచ్చిన మార్పు అన్నిటికంటే గొప్పది. ఘంటసాల గారి గొంతులోని గుండెబలం, ఊపిరి తీసుకునే చోటు, పదాంతాన వదిలే గాలి, ఇవన్నీ పాత స్పీకర్లలో ఒకే ముద్దగా వినిపించేవి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పాత రికార్డుల్లో కమాను తీగ మీద రాసుకునే గరుకుదనం కూడా ఇప్పుడు తెలుస్తోంది. దాంతోపాటే ఆ రికార్డుల బుసబుస కూడా తెలుస్తోంది. మంచి ట్వీటరు మంచినే ఎంచుకుని వినిపించదు కదా. ఇప్పటి సినిమా పాటల్లో డప్పు, తవిల్ మునుపటికంటే బిగువుగా, దెబ్బకు దెబ్బ విడిగా వినిపిస్తున్నాయి. అయితే సీటు అదిరే బేస్ ఆశించేవారు నిరాశపడతారు. తలుపులోని ఆరున్నర అంగుళాల కోను అంత లోతుకు దిగదు, దానికి మంద్ర ధ్వనుల కోసమే ఉండే వేరే సబ్‌ఊఫర్ కావాలి. ఆకాశవాణి ఎఫ్ఎం విన్నప్పుడు తేడా తక్కువే, ఎందుకంటే ఎఫ్ఎం ప్రసారంలో 15 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. ఎవరో వాట్సాప్‌లో పంపిన పలచని ఎంపీత్రీలు మునుపటికంటే అధ్వానంగా ఉన్నాయి.

యాంప్లిఫయర్ అవసరమా అన్న ప్రశ్నకు నా సమాధానం: మొదట అక్కర్లేదు. తలుపులూ స్పీకర్లూ అయ్యాక కొన్ని వారాలు స్టీరియోతోనే వినాలి. సిరిపురం, మద్దిలపాలెం ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోయేవారికి ఆ 20 వాట్లు ధారాళంగా చాలు. నేను తరచుగా ఆనందపురం మీదుగా విజయనగరం వెళ్తుంటాను. అక్కడ వేగంలో శబ్దం పెంచితే స్టీరియో ఊపిరి అందక గొంతు చించుకునేది. యాంప్లిఫయర్ పెట్టాక ఆ ఇబ్బంది పోయింది. 80 హెర్ట్జ్ కింది ధ్వనులను తలుపు స్పీకర్లకు పంపకుండా అందులోనే ఆపవచ్చు, దాంతో కోను అనవసరపు శ్రమ నుంచి బయటపడుతుంది. తీగ విషయంలో మాత్రం కన్ను వేసి ఉంచాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను రాగి తీగగా అంటగట్టడం మామూలే. కొసను బ్లేడుతో గీస్తే లోపల తెల్లగా మెరిసేది అల్యూమినియం. మన ఉప్పుగాలిలో అది బిగింపుల దగ్గర త్వరగా పాడవుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే తీగకు మొదటి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజ్ ఉండాలి, లేకపోతే ఎక్కడైనా రాపిడికి ఆ తీగ ఇనుముకు తగిలితే నిప్పు అంటుకోవచ్చు. ఎర్త్ బిగించే చోట రంగు గీకి, బోల్టు బిగించాక దాని మీద గ్రీజు పూయించాను. యాంప్లిఫయర్‌ను సీటు కింద పెడతామన్నారు గానీ, వానాకాలంలో బూట్లతో వచ్చే నీరంతా అక్కడికే చేరుతుంది కనుక డిక్కీలో, వెనక సీటు వీపుకు బిగించమన్నాను.

దుకాణం సేవ గురించి రెండు ఫిర్యాదులున్నాయి. చెప్పిన సమయానికి కారు ఇవ్వలేదు. మధ్యాహ్నం అన్నది దీపాలు పెట్టే వేళ అయింది. రెండోది కాస్త పెద్దది: ఎడమ తలుపు ట్రిమ్ ప్యాడ్‌కు విరిగిన రెండు క్లిప్పుల స్థానంలో కొత్తవి వేయకుండా అలాగే మూసేశారు. ఇంటికి వచ్చేలోపే ఒక స్వరం దగ్గర ప్యాడ్ చిటచిటలాడింది. పాత కార్ల ప్లాస్టిక్ క్లిప్పులు ఎండకు పెళుసెక్కి ఉంటాయి, విప్పితే విరగడం సహజమే, కానీ చెప్పకపోవడం బాగాలేదు. మర్నాడు వెళ్ళి అడిగితే వాదించకుండా వేసి ఇచ్చారు, డబ్బు అడగలేదు. పనికి వెళ్ళేముందే మీ మోడల్ క్లిప్పులు ఒక పది కొని జేబులో వేసుకువెళ్ళడం తేలిక; వాటి ధర టీ ఖర్చును మించదు.

వెనక తలుపుల్లో కంపెనీ స్పీకర్లనే ఉంచేశాను. వెనక సీట్లో కూర్చునే అమ్మకు వార్తలు వినిపిస్తే చాలు, పాటలు వద్దంటుంది. ముందుకూ వెనక్కూ ధ్వనిని పంచే ఫేడర్‌ను ముందుకు జరిపితే డ్రైవరుకు అవి వినిపించనే వినిపించవు. వెనక అద్దం కింద పలకకు ఆరు-తొమ్మిది అంగుళాల ఓవల్ స్పీకర్లు వేద్దామని దుకాణంవారు ఊరించారు. ముందు కూర్చున్నవారికి పాట వీపు వెనక నుంచి రావడంలో అందమేమీ లేదు, ఆ డబ్బుతో ముందు తలుపులకు మరో పొర షీట్ వేయించుకోవచ్చు. బడ్జెట్ పది వేల లోపే అయితే నా వరుస ఇది: రబ్బరు అంచున్న మధ్యరకం కోయాక్సియల్ జత ఒకటి, రెండు ముందు తలుపులకు బ్యూటైల్ షీట్, ప్లాస్టిక్ రింగులు, కప్లర్లు. అంతకు మించి ఉంటే కోయాక్సియల్ బదులు కాంపొనెంట్. యాంప్లిఫయర్ ఆ తర్వాతి సంగతి. పని చేయించడానికి జూన్ రాకముందే వెళ్ళడం మంచిది, ఎందుకంటే తలుపు రేకు పొడిగా ఉన్నప్పుడు షీట్ పట్టినట్టు వానల్లో పట్టదు.